పితూరీ: మన్యంలో గెరిల్లా పోరు, దాన్ని అణచిన తీరు

ఆగస్టు నెలలో మనకు గుర్తుంచుకోవలసిన రోజులు రెండున్నాయి. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ రోజు థింసా ఆడతాం, ర్యాలీలు తీస్తాం, సభలు పెట్టుకుంటాం. రెండోది 22వ తేదీ. 1922లో ఆ రోజే అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. మన్యం చరిత్రలో అంత పెద్ద రోజు అయినా, ఆ దాడిలో రాజు పక్కన నడిచిన మనవాళ్ల పేర్లు చెప్పమంటే మన పిల్లల్లో చాలామంది గాం గంటం దొర, గాం మల్లు దొర దగ్గరే ఆగిపోతారు. ఆ రెండు పేర్లు కూడా రానివాళ్లున్నారు. 1974లో వచ్చిన సినిమాలోని డైలాగులు మాత్రం మా హాస్టల్లో ఆరో తరగతి పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు.

సినిమాలో తప్పేమీ లేదు. కానీ సినిమా ఒక వీరుణ్ణి చూపిస్తుంది. గెరిల్లా యుద్ధం ఒక్కడు చేసేది కాదు. అది ఊళ్లు చేసే యుద్ధం. దాన్ని అణచాలనుకున్న సర్కారు కూడా చివరికి ఊళ్లమీదే పడింది. ఈ సంచిక చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ కథను రెండు వైపుల నుంచీ తెలుసుకోవాలి. మనవాళ్లు ఎలా పోరాడారు? సర్కారు ఎలా అణచింది? ఆ తర్వాత నిజంగా ఏం మారింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

పితూరీ అనే మాట

సర్కారు కాగితాల్లో మన తిరుగుబాట్లను ‘పితూరీ’లు అని రాశారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట అది. రంప పితూరీ, గూడెం పితూరీ, లాగరాయి పితూరీ అని జిల్లా గెజిటీర్లలో, పాత రికార్డుల్లో కనిపిస్తుంది. ఇప్పుడు అదే మాటను మనం ఎలా వాడుతున్నాం? ‘వాడు మేడమ్ దగ్గరకెళ్లి నామీద పితూరీ చెప్పాడు’ అంటారు పిల్లలు. అంటే ఫిర్యాదు, చాడీ.

ఒకే మాటకు తిరుగుబాటు అని, ఫిర్యాదు అని రెండు అర్థాలు. మన్యం చరిత్ర చదివితే ఈ రెండు అర్థాలూ ఒకదాని వెనుక ఒకటి నడిచినట్టు కనిపిస్తాయి. ముందు ఫిర్యాదు ఉంది. దాన్ని విన్నవాళ్లు లేరు. తర్వాత తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణచడానికి పటాలాలు వచ్చాయి. అన్నీ అయ్యాక ఒక అధికారి వచ్చి విచారణ చేసి, మొదటి ఫిర్యాదులో నిజం ఉందని రాసి వెళ్లాడు. ఇది ఒక్కసారి జరిగినది కాదు.

గెరిల్లా యుద్ధం ఎలా నడుస్తుంది

‘గెరిల్లా’ స్పానిష్ మాట. చిన్న యుద్ధం అని అర్థం. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి పల్లెల జనం చిన్న చిన్న దళాలుగా ఏర్పడి ఫ్రెంచి సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. అప్పటి నుంచి ఈ మాట ప్రపంచమంతా పాకింది. పద్ధతి మాత్రం అంతకన్నా పాతది. మన దేశంలో శివాజీ సహ్యాద్రి కొండల్లో ఇదే తీరున మొగలులతో, బీజాపూరు సేనలతో పోరాడాడు. మరాఠీలో దాన్ని ‘గనిమీ కావా’ అంటారు.

బలం తక్కువున్నవాడు బలం ఎక్కువున్నవాడితో మైదానంలో తలపడితే ఓడిపోతాడు. కాబట్టి మైదానంలోకి రాడు. తనకు తెలిసిన చోటికి శత్రువును రప్పిస్తాడు. తనకు వీలైన వేళ కొడతాడు, వీలుకాని వేళ కనిపించడు. దీనికి నాలుగు ఆధారాలు కావాలి. ఒకటి తోవ: కొండలో ఏ వాగు దాటితే ఎక్కడికి చేరతామో తెలిసి ఉండాలి. రెండు కబురు: పోలీసులు ఎటు నుంచి ఎంతమంది వస్తున్నారో ముందే తెలియాలి. మూడు తిండి: అడవిలో ఉన్నవాడికి బియ్యమో చోళ్లో ఎవరో ఒకరు మోసుకెళ్లి ఇవ్వాలి. నాలుగు మౌనం: అడిగినవాడికి ఊరు ‘మాకు తెలియదు’ అని చెప్పగలగాలి.

ఈ నాలుగింటిలో తుపాకి లేదని గమనించారా? తుపాకిని శత్రువు దగ్గరి నుంచే తెచ్చుకోవచ్చు. ఈ నాలుగూ ఇచ్చేది మాత్రం ఊరే. ఊరు ఇస్తున్నంత కాలం దళం బతుకుతుంది. గెరిల్లాను అణచాలనుకున్న ప్రతి సర్కారూ ముందో వెనుకో ఈ సంగతి కనిపెడుతుంది. అప్పటి నుంచి దాని చూపు దళం మీద నుంచి ఊరి మీదకు మారుతుంది.

1879: చిగురు పన్ను

రాజమండ్రికి ఉత్తరాన ఉన్న రంప కొండలు అప్పట్లో మన్సబ్‌దారు చేతి కింద ఉండేవి. 1813లో కంపెనీ సర్కారు అతనితో ఒప్పందం చేసుకుంది. కొండల్లో శాంతి కాపాడాలి, బదులుగా ఊళ్ల మీద రాబడి అనుభవించవచ్చు. అతని కింద ముఠాలు, ఒక్కో ముఠాకు ఒక ముఠాదారు. కాలం గడిచేకొద్దీ మన్సబ్‌దారు ముఠాదారుల భూములు లాక్కున్నాడు, పన్నులు పెంచాడు. సర్కారు అతని వెనుక నిలబడింది.

కల్లు మన కొండల్లో మత్తు కోసం మాత్రమే తాగేది కాదని మీకు తెలుసు. ఎండాకాలంలో ఇంట్లో గింజ లేని రోజుల్లో జీలుగు కల్లు, తాటి కల్లు కడుపు నింపేవి. దానిమీద మన్సబ్‌దారు ‘చిగురు పన్ను’ వేశాడు. పైగా సర్కారు కొత్త ఆబ్కారీ చట్టం తెచ్చి, కల్లు గీసే హక్కును మైదానం నుంచి వచ్చిన గుత్తేదారులకు ఇచ్చింది. ఇంటి వాడకానికి గీసుకున్నా నేరమే అయింది. తన చెట్టు కల్లు తాను తాగడానికి మనిషి రెండు చోట్ల డబ్బు కట్టాల్సి వచ్చింది.

దీనికి తోడు షావుకార్లు. అప్పు ఇచ్చి, రాజమండ్రి కోర్టులో దావా వేసేవారు. కొండ దిగి అన్ని మైళ్లు నడిచి కోర్టుకు వెళ్లేవారెవరు? వెళ్లినా ఆ కాగితం చదివేదెవరు? ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ అయిపోయేది. అయిదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన సొత్తును జప్తు చేసుకుపోయిన ఉదంతం కూడా రికార్డుకెక్కింది.

1879 మార్చిలో రంప భగ్గుమంది. ఇప్పటి రంపచోడవరం దగ్గర పోలీసులను చుట్టుముట్టారు. ఏప్రిల్‌కు అది విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, జూలైకి భద్రాచలం తాలూకా రేకపల్లి ప్రాంతానికి పాకింది. రేకపల్లిలో కారణం పోడు. ఆ ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చాక పోడు మీద పన్ను పెరిగింది, అడవి మీద ఆంక్షలు వచ్చాయి. మొత్తం మీద సుమారు 5,000 చదరపు మైళ్లలో అలజడి రేగింది. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటివారు దళాలు నడిపారు. అడ్డతీగల పోలీస్ స్టేషన్‌ను చంద్రయ్య తగలబెట్టాడు.

సర్కారు ఏం చేసింది? చుట్టుపక్కల జిల్లాల నుంచి వందలాది పోలీసులను రప్పించింది. ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతి దళాన్ని, ఆశ్విక దళాన్ని, బాటలు వేసే సాపర్స్ అండ్ మైనర్స్ కంపెనీలను దింపింది. హైదరాబాద్ కంటింజెంట్ సైనికులు కూడా వచ్చారు. అంత సైన్యం వచ్చినా నెలల తరబడి ఏమీ చేయలేకపోయింది. పటాలం కదిలితే కిలోమీటరు అవతలికి కబురు వెళ్లిపోయేది. గుర్రాలు ఎక్కలేని కొండలు, తుపాకి గురి అందని పొదలు. సైనికులను తూటాల కన్నా మన్యం జ్వరమే ఎక్కువగా పడగొట్టింది.

చివరికి 1880లో చంద్రయ్య, తమ్మన్న దొర ఇద్దరూ హతమయ్యారు. చాలామందిని అండమాన్ పంపారు. సర్కారు దృష్టిలో యుద్ధం ముగిసింది.

విచారణ చేయడానికి రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్‌ను సర్కారు అప్పటికే నియమించింది. మన్సబ్‌దారు దౌర్జన్యం, కల్లు గుత్తలు, పోలీసుల వేధింపు, షావుకార్ల డిక్రీలు ఈ పితూరీకి కారణాలని ఆయన తేల్చాడు. మన్సబ్‌దారును తొలగించారు. చిగురు పన్ను రద్దయింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడానికి అనుమతి వచ్చింది. ముఠాదారులకు నేరుగా సర్కారే కొత్త సనదులు ఇచ్చింది. ముఠాలో ఎక్కడ అలజడి రేగినా వెంటనే కబురు చెప్పాలని, శాంతి కాపాడాలని ఆ సనదుల్లో షరతు పెట్టింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. అడిగినవన్నీ ఇవ్వదగినవే అయితే, వాటిని 1878లో ఎందుకు ఇవ్వలేదు? ఇచ్చి ఉంటే తమ్మన్న దొర తన ముఠాలో ముసలివాడై చనిపోయేవాడు. అండమాన్ వెళ్లినవాళ్లు తమ పోడు చేసుకుంటూ ఉండేవారు. ఆ సనదులోని షరతును కూడా గుర్తుపెట్టుకోండి. ఒక చేత్తో ఉపశమనం ఇస్తూనే, మరో చేత్తో మన పెద్దలనే సర్కారుకు కబురు చెప్పేవారిగా మార్చారు. గెరిల్లాకు కావలసిన నాలుగింటిలో కబురును, మౌనాన్ని అలా కొనుక్కున్నారు.

1922: తుపాకులకు రసీదు

ఆ తర్వాత నలభై ఏళ్లలో చిన్న పితూరీలు చాలానే వచ్చాయి. 1886లో గూడెంలో ‘రామదండు’, 1900లో కొర్ర మల్లయ్య, 1916లో లాగరాయి. ప్రతిదీ కొద్ది రోజుల్లో, కొద్ది నెలల్లో అణగారిపోయింది. ఈలోగా 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి, రిజర్వు అడవిలో పోడు కొట్టడం నేరమైంది. పుల్ల ఏరుకున్నా, పశువు మేసినా జరిమానా. దానికి తోడు వెట్టి.

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయిస్తున్నాడు. మనవాళ్లను పనికి తోలుకెళ్లి కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటం దొర పదవిని, భూమిని పోగొట్టుకున్నాడు. పై అధికారులకు విన్నపాలు వెళ్లాయి. బాస్టియన్ మీద చర్య లేదు. పితూరీ అనే మాటకు మొదటి అర్థం ఇక్కడ ముగిసింది, రెండోది మొదలైంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు దొరికాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్య దొరను విడిపించారు. తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషన్ డైరీలో రాసి సీతారామరాజు సంతకం పెట్టాడు. దొంగతనం కాదు, యుద్ధం అని చెప్పడానికి అదొక తీరు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది గెరిల్లా యుద్ధానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ. దళం తోవకు పైనున్న పొదల్లో మాటు వేసింది. ముందు నడుస్తున్న మన దేశపు కానిస్టేబుళ్లను పోనిచ్చింది. వెనుక వచ్చిన ఇద్దరు ఇంగ్లిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపింది. భారతీయ పోలీసులను వీలైనంతవరకు చంపకూడదన్నది రాజు నియమం. అది దయ మాత్రమే కాదు, తెలివి కూడా. కానిస్టేబులు కూడా ఏదో ఊరివాడే. అతన్ని చంపితే ఆ ఊరు శత్రువవుతుంది.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. ఈసారి ముందే కబురు పెట్టి మరీ వెళ్లారు. కానీ అడ్డతీగలలో తుపాకులు దొరకలేదు. పోలీసులు ముందే వాటిని తరలించేశారు. సర్కారు పాఠం నేర్చుకోవడం మొదలుపెట్టిందని చెప్పే మొదటి గుర్తు ఇది.

సర్కారు నేర్చుకున్న పాఠాలు

మొదట్లో మామూలు జిల్లా పోలీసులు వచ్చారు. కొండ ఎక్కడం రాదు, తోవ తెలియదు. దామనపల్లి తర్వాత మలబార్ స్పెషల్ పోలీసును దింపారు. 1921లో కేరళలో మాప్పిళ్ల తిరుగుబాటును అణచడానికి తయారుచేసిన దళం అది. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర వాళ్లు లూయిస్ మెషిన్‌గన్‌తో ఎదురయ్యారు. దళం గట్టి దెబ్బ తింది. చెట్టు చాటు లేని పొలాల్లో మెషిన్‌గన్‌కు ఎదురు నిలవడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత నాలుగు నెలలపాటు రాజు ఎవరికీ కనిపించలేదు. 1923 ఏప్రిల్‌లో అన్నవరం కొండమీద ప్రత్యక్షమై, పోయాడనుకున్న సర్కారును ఆశ్చర్యపరిచాడు.

1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఈశాన్య కొండల్లో అలవాటుపడిన దళం. 1917 నుంచి 1919 వరకు మణిపూర్ కొండల్లో కుకీల తిరుగుబాటును అణచడంలో పాలుపంచుకుంది. ఆలోచించండి. మాప్పిళ్లల మీద నేర్చుకున్న విద్య, కుకీల మీద నేర్చుకున్న విద్య మన మీదకు వచ్చాయి. ఎక్కడో తెలియని కొండల్లో మనలాంటివాళ్ల ఊళ్లలో సాధన చేసి మన ఊళ్లకు వచ్చారు. అస్సాం రైఫిల్స్ సిపాయిల్లో చాలామంది కూడా కొండల బిడ్డలే. పాలకులకు కొండవాడిని కొట్టడానికి కొండవాడే కావాల్సి వచ్చాడు.

మనుషులు మారడం ఒక్కటే చాలలేదు. పద్ధతి మారింది. 1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ను స్పెషల్ కమిషనర్‌గా వేశారు. గెరిల్లాకు ఊరు ఇచ్చే నాలుగు ఆధారాలను ఒక్కొక్కటిగా కోసేయడమే వాళ్ల పని. దళానికి అందుతుందన్న అనుమానంతో గింజల రాకపోకలపై నిఘా పెట్టారు. ఊళ్ల నడుమ పోలీసు శిబిరాలు పెట్టి తోవలు మూశారు. రాజును పట్టిస్తే 10,000 రూపాయలు, గంటం దొర, మల్లు దొరల తలకు వెయ్యేసి రూపాయలు బహుమతి ప్రకటించి కబురును కొనబోయారు. సాయం చేశారన్న అనుమానం వచ్చిన ముఠాదారులను, ఊరి పెద్దలను నిర్బంధించి, ఊళ్లపై జరిమానాలు వేసి మౌనాన్ని పగలగొట్టారు.

వెయ్యి రూపాయలంటే అప్పట్లో కొండలో ఎవరూ చూడని సొమ్ము. అయినా 1922 ఆగస్టు నుంచి 1924 మే వరకు దాదాపు రెండేళ్లు దళం నిలిచింది. ఆ రెండేళ్లు ఎవరో రాత్రిపూట గంజి కాచారు. ఎవరో నెత్తిన మూట పెట్టుకుని కొండెక్కారు. ఎవరో దెబ్బలు తిని కూడా తెలియదన్నారు. వాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో రికార్డు చెప్పదు. సర్కారు కాగితంలో పేరు ఎక్కాలంటే పట్టుబడాలి లేదా చావాలి. అన్నం పెట్టి, నోరు మెదపకుండా ఇంటికి తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు.

1923 సెప్టెంబరులో మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 మే 7న మంప దగ్గర సీతారామరాజు పట్టుబడ్డాడు. కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు. పారిపోబోతే కాల్చామని సర్కారు చెప్పుకుంది. జూన్‌లో గంటం దొర పోరాడుతూ ప్రాణాలు వదిలాడు. ఈ పితూరీని అణచడానికి సర్కారుకు సుమారు 40 లక్షల రూపాయలు ఖర్చయిందని చరిత్ర పుస్తకాలు చెబుతున్నాయి. రోడ్డు పని చేసినవాళ్లకు కూలి సరిగా ఇచ్చి ఉంటే అందులో ఎన్నో వంతు అయ్యేది?

మల్లు దొర కథలో ఇంకో మలుపు ఉంది. ఏళ్ల తరబడి జైలులో గడిపి బయటికి వచ్చిన ఆయన 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఒకప్పుడు తలకు వెల కట్టిన మనిషి దేశపు చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. మన పిల్లలకు చెప్పవలసిన కథ ఇది. ఈ కథకు ఇంకా సినిమా రాలేదు.

జోడేఘాట్ తర్వాత వచ్చిన బడి

ఇదే కథ గోదావరికి ఎగువన, నిజాం పాలనలోని ఆదిలాబాద్ అడవుల్లో మరో రూపంలో జరిగింది. గోండులు, కొలాములు తరతరాలుగా సాగుచేసుకున్న నేలను అటవీ శాఖ రిజర్వు అని గీత గీసింది. ఊళ్లు ఖాళీ చేయించింది. కొమురం భీం జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టాడు. జల్, జంగల్, జమీన్ మావని నిలబడ్డాడు. 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్ కొండమీద భీంను, ఆయన సహచరులను కాల్చి చంపారు. ఆశ్వయుజ పౌర్ణమికి ఇప్పటికీ అక్కడ వర్ధంతి జరుపుకుంటారు.

ఆ తర్వాత నిజాం సర్కారు ఒక పని చేసింది. అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన ఊళ్లలో ఉండి, భాష నేర్చుకుని, భూమి పోవడమే మూలమని రాశాడు. వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు మాకు ఒళ్లు పులకరిస్తుంది. తుపాకి కాల్పుల తర్వాత మూడేళ్లకు ఆ కొండల్లో పలక, బలపం వచ్చాయి. రావడం మంచిదే. వాటికోసం భీం చనిపోవలసి రావడం మంచిది కాదు.

స్వాతంత్ర్యం తర్వాత

మన చేతికి వచ్చిన చట్టాలన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1917లోనే మద్రాసు సర్కారు ఏజెన్సీ భూములు మైదానంవాళ్ల చేతికి పోకుండా ఒక చట్టం చేసింది. వరుస పితూరీలు దాని వెనుక ఉన్నాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1960ల చివర శ్రీకాకుళం ఏజెన్సీలో భూమి, కూలి, అప్పుల గొడవలు సాయుధ పోరుగా మారాయి. పోలీసు క్యాంపులు వచ్చాయి, ఎన్‌కౌంటర్లు జరిగాయి. ఆ మంటలు ఆరకముందే 1970లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ రెగ్యులేషన్ వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఇప్పటికీ మనకు గొడుగు పడుతున్నది అదే.

ఆ తర్వాతి దశాబ్దాల్లోనూ అడవి మళ్లీ తుపాకుల చప్పుడు విన్నది. గెరిల్లాను గెరిల్లా పద్ధతిలోనే ఎదుర్కోవాలని 1989లో రాష్ట్రం గ్రేహౌండ్స్ దళాన్ని ఏర్పాటు చేసింది. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఒక్క మాట మాత్రం 1879 నుంచి ఇప్పటివరకు మారలేదు. రాత్రి ఒకరు వచ్చి అన్నం అడుగుతారు. పగలు ఇంకొకరు వచ్చి ఎందుకు పెట్టావని అడుగుతారు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులుంటాయి. మధ్యలో పొయ్యి దగ్గర కూర్చున్నది మన తల్లి. ఏ యుద్ధ చరిత్రలోనైనా ముందుగా ఆ తల్లి వైపు నుంచి చూడడం నేర్చుకోండి.

ఫిర్యాదు వినే దారులు ఇప్పుడు 1879లో ఉన్నంత మూసుకుపోయి లేవు. 1990లలో విశాఖ ఏజెన్సీలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజులు బయటివాళ్లకు ఇస్తే, ‘సమత’ అనే సంస్థ సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో కోర్టు తీర్పు చెప్పింది. దేశంలోని ఆదివాసులందరూ చెప్పుకునే తీర్పు మన మన్యం ఊళ్ల ఫిర్యాదు నుంచి పుట్టింది. 1996లో పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో మన మీద ‘చారిత్రక అన్యాయం’ జరిగిందని దేశమే ఒప్పుకుంది. తమ్మన్న దొర, గంటం దొర వినాలని కోరుకున్న మాట అది. వాళ్లు వినలేకపోయారు, మనం చదువుతున్నాం.

మనం చేయవలసినవి

రంప కొండల్లో షావుకార్లు గెలిచింది తుపాకితో కాదు. మనవాళ్లు చదవలేని కాగితంతో గెలిచారు. ఏకపక్ష డిక్రీ అంటే అదే. ఇప్పుడు మన పిల్లలు చదవగలరు. కాబట్టి మొదటి పని: మీ ఇంట్లో ఉన్న ప్రతి కాగితాన్నీ, అంటే అటవీ హక్కుల పట్టాను, పాస్‌బుక్‌ను, బ్యాంకు అప్పు పత్రాన్ని ఒకసారి అమ్మానాన్నలకు చదివి వినిపించండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు సరిగా ఉన్నాయో చూడండి. తప్పుంటే గ్రామసభలో లేవనెత్తి, తీర్మానం రాయించి, ఐటీడీఏకు అర్జీ పెట్టండి. అర్జీకి రసీదు తీసుకోండి. సీతారామరాజు తుపాకులకు రసీదు రాసిచ్చాడు. మన అర్జీకి మనం రసీదు అడగడంలో తప్పేముంది?

రెండో పని: పేర్లు పోగుచేయడం. మీ ఊళ్లో ఎనభై దాటిన తాతలు, అవ్వలు ఉంటే వాళ్ల తాతల కాలపు మాటలు అడగండి. పితూరీ రోజుల్లో ఏ ఇంటివాళ్లు జైలుకు పోయారు? ఏ తోవన దళం వచ్చేది? బియ్యం ఎక్కడ దాచేవారు? పోలీసు క్యాంపు ఏ చెట్టు కింద ఉండేది? ఫోనులో రికార్డు చేయండి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. మన భాషలో చెబితే మన భాషలోనే ఉంచండి. గెజిటీరులో దొరలు, పోలీసులు రాసినదే ఉంది. గంజి కాచినవాళ్ల కథ అవ్వల నోట ఉంది. ఆ అవ్వలు వెళ్లిపోతే అది కూడా వెళ్లిపోతుంది.

మూడో పని: ఎవరైనా వచ్చి మీ చేత ఏదో ఒక వైపు నిలబడమన్నప్పుడు, అది ఏ వైపు అయినా, మన ఊరు దానికి ఏం వెల కట్టాల్సి వస్తుందో ముందు అడగండి. 1879లో, 1922లో, 1940లో పోరాడినవాళ్లు ఆ వెల తెలిసే చెల్లించారు. వాళ్లకు వేరే దారి మిగల్లేదు. మనకు మిగిలిన దారులున్నాయి. వాటిని వాడుకోవడం వాళ్ల త్యాగానికి తక్కువ చేయడం కాదు.

ఇకమీదట ‘పితూరీ చెప్పాడు’ అని ఎవరైనా నవ్వితే, ఆ మాటకున్న రెండో అర్థం కూడా చెప్పండి. ఈ ఆగస్టు 22న మీ హాస్టల్లోనో, మీ ఊరి బడిలోనో ఒక గంటసేపు కూర్చుని గంటం దొర, మల్లు దొర, వీరయ్య దొర, తమ్మన్న దొర, చంద్రయ్య పేర్లు బోర్డు మీద రాయండి. వాటి కింద కొంత ఖాళీ వదలండి. మీ ఊరి పేర్లు ఆ ఖాళీలో రాయడానికి.